వాక్‌కి సున్నా

రెండు బేసుల దెబ్బకి రెండు, మూడు బేసులకి మూడు, హోమ్ రన్‌కి నాలుగు అని నాకెవరు చెప్పారు, ఎవరూ చెప్పలేదు, నేనే వేసుకున్నాను, ఎనిమిదో తరగతిలో ఆగిపోయినవాడికి అంతకంటే ఏం తోస్తుంది, ఎన్ని బేసులు దాటితే అన్ని మార్కులు, మా పేట తాల్‌బగీచా ఆడపిల్లల బేస్‌బాల్ జట్టుకి పదకొండేళ్ళుగా స్కోరు రాస్తున్నానని కోచ్ రాబిన్ నన్నే అడిగాడు, ఏలియా దాదా, రైల్వే ఉద్యోగాల ట్రయల్స్‌కి నలుగురే, నీ లెక్కలో ఎవరు పైనుంటే వాళ్ళే అన్నాడు, నా ఛాతీ పొంగింది, జన్మలో నా లెక్క ఎవరడిగారు గనక, ఆ నలుగురూ ఈ పొద్దున హౌరా లోకల్ ఎక్కేశారు, మా అమ్మాయి దోర్కా కుళాయి దగ్గర కూర్చుని జట్టు జెర్సీ ఉతుకుతోంది, తిరిగి ఇచ్చేయాలిగా, లిస్టులో ఏడో పేరు దానిది, వచ్చే ఏటికి వయసు దాటిపోతుంది, ఇంక ట్రయల్సూ లేవు, ఆ ఉద్యోగమూ లేదు.

సబ్బు నురగ కాలువలోకి పోతోంది, నా ఒళ్ళో మూడేళ్ళ స్కోరు పుస్తకాలు, అంతా అయిపోయాక వీటినెందుకు తీశానో, ఒక్కో ఇన్నింగ్సూ వేలు పెట్టి చూస్తూ పోతే, సింగిల్, అదే ఒక బేసు దెబ్బ, కొట్టాక నిజంగా ఎన్ని రన్‌లు వచ్చాయి, రెండు బేసుల డబుల్ తర్వాత ఎన్ని, సింగిల్ ఒకటనుకుంటే డబుల్ రెండు కాదు, ఒకటిన్నర పైన కాస్త, హోమ్ రన్ మూడే, ఇక వాక్, అవతలి పిల్ల నాలుగు బంతులు గురి తప్పి విసిరితే మనం బ్యాట్ తిప్పకుండానే మొదటి బేస్‌కి నడిచిపోవడం, దానికి నేను సున్నా వేశాను, పుస్తకాలేమో ముప్పావుకి కాస్త తక్కువ అంటున్నాయి, మళ్ళీ లెక్కపెట్టాను, అంతే, దోర్కా వాక్‌లు యాభై మూడు, అవి కలిపితే ఏడో పేరు కాదు, రెండోది.

మా నాన్న రైల్వే వర్క్‌షాప్‌లో రివెట్ల మీద సుత్తి వేసిన మనిషి, దెబ్బ వినబడితేనే పని జరిగినట్టు ఆయనకి, అదే నాకూ తలకెక్కింది, కదలకుండా నిలబడ్డ పిల్లకి మార్కేమిటని, లిస్టు రాస్తున్న రోజు దోర్కా నా భుజం మీంచి వంగి చూసింది, నాన్నా, వాక్‌కి ఏటీ ఎయ్యలేదేటి, దెబ్బ కొట్టనోళ్ళకి ఏటేస్తామే అన్నాను, బంతి సెడ్డదని సూసి వదిలీడం కూడా పనే గదా నాన్నా అంది, గట్టిగా కూడా అనలేదు, వంటింట్లోంచి అన్నమ్మ మాత్రం ఊరుకోలేదు, సొంత కూతురికే తక్కువ తూసే కొట్టోణ్ణి నిన్నే సూసినాను, పెళ్ళాం ఎత్తిపొడుపులు పాతికేళ్ళుగా వింటున్నాను, ఇదీ వినలేదనుకున్నాను.

వినలేదా, విన్నాను, పెన్ను ఆ గడి మీద ఆగింది కూడా, సగం మార్కు వేద్దామా అనుకున్నాను, వేస్తే లాభం ఎవరికో గ్రౌండ్‌లో అందరికీ తెలుసు, కూతురి కోసం లెక్క తిప్పాడంటారు, ఆదివారం చర్చి ముందు నిలబడి అదే చెప్పుకుంటారు, అదే వర్క్‌షాప్‌లో కాంట్రాక్టు కూలీగా ఇరవై రెండేళ్ళు, పేరు పెట్టి పిలిచిన సూపర్‌వైజర్ లేడు, ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి, ఏలియా నీతి గలవాడు అనిపించుకోవాలని, రాబిన్ అన్నాడు కూడా, సొంత కూతుర్నే పక్కన పెట్టావు దాదా అని భుజం తట్టాడు, ఆ రాత్రి అన్నం రుచిగా ఉంది నాకు, ఇప్పుడు దోర్కా జెర్సీ పిండి తీగ మీద వేసింది, క్లిప్పు పెట్టింది, సాయంత్రానికి ఆరిపోద్ది, రాబిన్ సార్‌కి ఇచ్చీ నాన్నా అంది, వర్క్‌షాప్ సైరన్ మోగింది, పుస్తకం మూసేశాను, చూపించి ఇప్పుడేం చేస్తాను, చదువు లేక తప్పిన లెక్క అని దాని ముందు అనలేను, పెన్ను ఆగినప్పుడే నాకు లెక్క తెలుసు.