టరా, రాణీ

అరవై ఏళ్ళు గడిచినా నోరా టియర్నీకి తను పనిచేసిన హాలు వాసన గుర్తే: నేలకి రాసిన మైనం, వానకి తడిసిన ఉన్ని కోట్లు, ఎవరో దాచుకు తింటున్న పిప్పరమెంట్లు. రెండో ప్రపంచ యుద్ధం అయిన పదేళ్ళకు, లివర్‌పూల్‌లో ఒక టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో చేరినప్పుడు ఆమెకు పందొమ్మిదేళ్ళు. ఎవరు ఏ నంబరు అడిగితే, ఎదురుగా ఉన్న బోర్డు మీద ఆ నంబరు కన్నంలో తీగ గుచ్చి లైను కలపడమే పని.

ఆ ఊళ్ళో పాలవాడి నుంచి పాదిరిగారి దాకా థాంక్స్‌కి "టా" అంటారు. వెళ్ళొస్తానని చెప్పాలంటే "టరా" అంటారు. ఎక్స్ఛేంజిలో మాత్రం ఆ మాటలు నిషిద్ధం. "థాంక్యూ, గుడ్‌బై" అనాలి.

రోజూ నాలుగింటికి రిమ్మర్ అనే పెద్దాయన ఫోన్ చేసేవాడు. పెద్ద ఓడలను రేవులోకి లాక్కొచ్చే పడవ మీద ముప్పై ఏళ్ళు పనిచేసినవాడు. నది అవతల వాలసీలో ఉన్న చెల్లెలితో మాట్లాడాలి. లైను కలుపుతున్నానని చెప్పగానే "టా, రాణీ" అనేవాడు. రేవు వీధుల్లో ఆడపిల్లలందరూ రాణులే.

ఒకరోజు నోరా నోరు జారింది. "టరా, మిస్టర్ రిమ్మర్!"

వెనకాలే సూపర్‌వైజర్ మిస్ ప్రెంటిస్ నిలబడి ఉంది. "ఇది ఎక్స్ఛేంజి అనుకున్నావా, చేపల బజారనుకున్నావా?"

మర్నాడు నోరా బుద్ధిగా "థాంక్యూ, గుడ్‌బై" అంది.



"ఏమైంది రాణీ? మీ ఇంట్లో ఎవరైనా పోయారా?"

"లేదండీ."

"అయితే నేనే పోయానా?"

నోరా పెదవి కొరుక్కుని గబుక్కున లైను కలిపేసింది.

వారం తిరక్కుండా, సంగతేమిటో కనుక్కుని, ఆయనే ఎక్స్ఛేంజికి వచ్చాడు, చర్చికి వేసుకునే కోటు తొడుక్కుని. మిస్ ప్రెంటిస్ ముందు టోపీ తీశాడు.

"పిల్ల తప్పేం లేదమ్మా. మా పడవల మీద గుడ్‌బై అన్న మాట నోట రానిచ్చేవాళ్ళం కాదు. టరా అంటే టీ వేళకి ఇంటికొస్తానని. మా తమ్ముడు యుద్ధానికి ఆఖరిసారి ఓడెక్కుతూ మా అమ్మతో గుడ్‌బై అన్నాడు. వాడు పెద్దమనిషిలా మాట్లాడింది ఆ ఒక్కసారే."

"రూల్సు రూల్సేనండీ" అంది మిస్ ప్రెంటిస్. కానీ గుమ్మం దాకా వెళ్ళి తలుపు తెరిచి పట్టుకుంది. ఆయన మెట్లు దిగుతుంటే, ఆవిడ నోటి నుంచి సన్నగా "టరా" అని రావడం నోరా చెవిన పడింది. ఆ తర్వాత నోరాని ఎవరూ ఏమీ అనలేదు.

రెండేళ్ళకు ఎవరి నంబరు వాళ్ళే తిప్పుకునే ఫోన్లు వచ్చాయి. సగంమంది అమ్మాయిలు వేరే ఉద్యోగాలు చూసుకున్నారు. రిమ్మర్ మాత్రం ఇంకా ఆపరేటర్‌నే పిలిచేవాడు.

"ఈ డయలు బిగుసుకుపోయింది రాణీ, నావల్ల కావడం లేదు."

జబ్బలంత లావు తాళ్ళు లాగిన మనిషి! నోరా నవ్వుకుంటూ కలిపేది. ఆమె టీకి వెళ్ళిన రోజుల్లో ఆ లైను మిస్ ప్రెంటిసే తీసుకునేది. ఆయనతో మాటల్లో పడి, తీగ గుచ్చడానికి ఆవిడకి చాలాసేపే పట్టేది.