మూడు వందల నాలుగో తలుపు

మా ఆవిడ అన్నయ్య, అంటే మా బావగారు, మా హాల్లో సోఫా మీద పడుకోవడం మొదలుపెట్టి పద్నాలుగు నెలలైంది. తప్పు నాదే. నేను పబ్లిసిటీ చూసే బిల్డరు దగ్గర ఆయన చేత మూడు వందల నాలుగో ఫ్లాటు కొనిపించింది నేనే. "నెల తిరక్కుండా తాళాలు" అని నోరు జారిందీ నేనే.

ఫ్లాటు సిద్ధంగానే ఉంది. లిఫ్టు లేదు. లిఫ్టు పెట్టందే తాళాలివ్వరు. లిఫ్టు సామాను లోపలికి రావాలంటే బిల్డింగు ముందున్న గోడ కొట్టాలి. సోమవారం కొడదామన్నారు మా బిల్డరు, ఓనరుగారు. ఈలోగా మిగతా ఫ్లాట్లు అమ్ముడుపోవడానికి, ఆదివారం ఆ గోడ మీద జనం చేత బొమ్మలు వేయించమన్నారు.

"ఎలాగూ కొట్టేదేగా. రంగులు పోతే పోనీ."

బ్యానరు మీద "మీ కళ, మా గోడ" అని రాయమని ఫోన్లో చెప్పాను. ఫ్లెక్సీ అతను "మీ కల, మా గోడ" అని కొట్టాడు.

"ఏ ళ అయితే ఏంటి సార్, ఫోన్లో రెండూ ఒకటే," అన్నాడు.

దాంతో బొమ్మలు వేయడం వచ్చినవాళ్ళు రాలేదు. కలలున్నవాళ్ళు వచ్చారు. ఒకాయన కారు పట్టేంత పార్కింగు గీశాడు. ఒకావిడ, పై అంతస్తులో ఎవరూ కాపురం లేని ఇల్లు గీసింది. మా బావగారు ఎనిమిదింటికే వచ్చి, గోడ నడిమధ్యన నిలువెత్తు తలుపు వేశారు. పైన 304. పక్కన కాలింగ్ బెల్.

జనం వరసలో నిలబడి ఆ బెల్లు నొక్కుతూ ఫోటోలు దిగారు. సాయంత్రానికి ఆరు ఫ్లాట్లు బుక్కయ్యాయి. ఓనరుగారు వచ్చి తలుపు తడిమి చూశారు.

"ఈ గోడ కొట్టొద్దు," అన్నారు.

"మరి లిఫ్టండీ?"

"అన్నీ అమ్ముడయ్యాక చూద్దాం. ఎవరేశారో గాని, చెయ్యి మంచిది."

వేసినాయన పక్కనే ఉన్నారు. సిగ్గుపడుతూ నమస్కారం పెట్టారు.

"ఆ గోడ కొడితేనే మీకు లిఫ్టు. చెప్పండి," అన్నాను చెవిలో.

"తెలుసు బావగారూ. పెద్దాయన అంత మెచ్చుకుంటుంటే కొట్టేయమని ఎలా అంటాం? బాగోదు."

ఇంటికొచ్చాక మా ఆవిడ సోఫా మీద దుప్పటి సర్దింది.

"అన్నయ్య ఒక్క తలుపేసి ఆరు ఫ్లాట్లు అమ్మించాడట. మీరు ఈ ఏడాది ఎన్ని అమ్మారు?"

బావగారు కాళ్ళు చాపుకుని మా హాలు గోడకేసి చూస్తున్నారు.

"ఇక్కడో కిటికీ పడితే బాగుంటుంది, బావగారూ," అన్నారు.