రెండో పడవకే పీపా

ఊల్స్‌బీ రేవులో పాత తెరచాప పడవల పందెం జరిగితే రమ్ము పీపా రెండో పడవకు ఇస్తారు. మొదట గెలుపు గీత దాటినవాడికి ముల్లంగి కట్ట చేతికిచ్చి ఏడాదంతా ఆటపట్టిస్తారు. అందుకే గీత దగ్గరికి వచ్చేసరికి పడవలన్నీ నువ్వు ముందంటే నువ్వు ముందని ఆగిపోతుంటాయి. జనం వచ్చేది ఆ తమాషా చూడడానికే.

ఆ మే నెలలో వీబ్కె కూడా గట్టు మీద నిలబడి చూస్తోంది. ఆమె భర్త మొమ్మె, పన్నెండేళ్ల కూతురు గేషె తమ పడవలో అందరికంటే ముందు వస్తున్నారు. గీత ఇంకా కూతవేటు దూరంలో ఉందనగా పడవ గాలికి ఎదురు తిరిగి నిలిచిపోయింది. చాపలు టపటపా కొట్టుకున్నాయి.

జనం గొల్లుమన్నారు.

"నీ మొగుడికి పీపా వాసన తగిలిందే అమ్మాయ్!" అన్నాడు పక్కనున్న డెట్లెఫ్. చేపల వేట మానేసిన ముసలాయన. చేప పెట్టిన రొట్టె తింటున్నాడు.

"పోయినేడు తిన్న ముల్లంగి ఇంకా అరగలేదులే బాబాయ్," అని వీబ్కె కూడా నవ్వింది.

వెనకొచ్చే పడవలూ చాపలు వదులు చేసుకుని దూరంగానే ఆగాయి. దగ్గరికి రావాలని ఎవరికీ లేదు.

అప్పుడు వీబ్కెకు ముందు చాప తాడు కనిపించింది. అది నీళ్లలో పడి తేలుతోంది. కావాలని ఆగినప్పుడు మొమ్మె తాడును అలా వదలడు. చుక్కాని దగ్గర ఎవరూ లేరు. గేషె ఒక్కతే నిలబడి, రెండు చేతులూ పక్కలకు చాచి మెల్లగా పైకెత్తుతోంది, మెల్లగా దించుతోంది. మళ్లీ ఎత్తుతోంది.

గట్టు మీది జనం తిరిగి చేతులూపారు. "ఊపు తల్లీ, ఊపు! మీ నాన్న ఎక్కడ దాక్కున్నాడు?" అని మైకులో ఎవరో అరిచారు.

"బాబాయ్, అది కాపాడమని సైగ. మొమ్మె పడవలో లేడు."

డెట్లెఫ్ నమలడం ఆపి కళ్లు చిట్లించాడు. రొట్టె పారేసి తన మోటారు పడవలోకి దిగాడు. వెనకే వీబ్కె దూకింది. మోటారు అంటుకోలేదు. మళ్లీ తాడు లాగాడు.

"పీపా తెమ్మని పెళ్లాన్ని పిలిపించుకుంటున్నాడ్రోయ్!" అన్నారు గట్టు మీంచి.

మోటారు అంటుకుంది. మే నెలలోనూ మంచులా ఉండే ఆ నీళ్లలో మనిషి ఎంతసేపు ఉండగలడో ఊల్స్‌బీలో అందరికీ తెలుసు. వీబ్కె ఆ లెక్క వేయకుండా ఉండాలని చూసింది.

మొమ్మె పడవకు అవతలి పక్క, గట్టుకు కనపడని వైపు నీళ్లలో వేలాడుతున్నాడు. చంకల కింద తాడు. నుదుటి మీద రక్తం.

"చాప కొయ్య తగిలి పడిపోయాడమ్మా. తాడు విసిరితే నాన్నే చుట్టుకున్నాడు. నేను పైకి లాగలేకపోయా. ఇందాకటిదాకా మాట్లాడాడు. అందరికీ సైగ చేశానమ్మా, వాళ్లేమో..."

"దిగు తల్లీ, ఇందులోకి రా," అన్నాడు డెట్లెఫ్.

డెట్లెఫ్, వీబ్కె కలిసి మొమ్మెను లాగి మోటారు పడవలో పడుకోబెట్టారు. పెదాలు నీలం. వీబ్కె అతని నోటి దగ్గర చెంప పెట్టింది. ఊపిరి ఉంది. కానీ ఒంట్లో వణుకు లేదు; అంత చలిలో వణుకు ఆగిందంటే ప్రాణం మీదికి వచ్చినట్టే. డెట్లెఫ్ అది చూశాడు. తన కోటు విప్పి ఇచ్చి, పడవను రేవు వైపు తిప్పాడు.

తడి చొక్కా చించేసి, కోటు కప్పి, వీబ్కె అతన్ని ఒంటికి అదుముకుంది. గేషె తండ్రి పాదాలను ఒళ్లో పెట్టుకుంది. గట్టు మీద నవ్వులు ఆగిపోయాయి.

సగం దారిలో మొమ్మె దవడ కదిలింది. పళ్లు టకటకా కొట్టుకోవడం మొదలుపెట్టాయి.

"వణుకు," అంది వీబ్కె అతని చెవిలో. "ఆపకు, ఇంకా వణుకు."