బర్రెకు ఉన్న కాగితాలు

టోలిచౌకిలో ఇళ్లు మునిగి జనం మిద్దెల మీద వండుకుని తిన్న వానకు నాలుగో ఏడు అది. ఫిల్మ్ నగర్‌లో ఒక స్టూడియో గేటు దగ్గర నా కొలువు. లోపలికి పోయే ప్రతి ఫోనుకూ కెమెరాల మీద ముందొకటి వెనకొకటి ఎర్ర స్టిక్కరు అంటించడం నా పని. లోపల తీసేది బయటికి పోకూడదని. హీరో వచ్చినా అంటిస్తాను, టిఫిన్లు తెచ్చినవాడు వచ్చినా అంటిస్తాను. మాట్లాడే పని లేదు. అందుకే ఆ పని నాకు నచ్చింది.

నేను తక్కువ మాట్లాడతాను. మూడో తరగతితోనే బడి మానేశాను. అక్కడ పంతులు అడిగినదానికల్లా జవాబు చెప్పమనేవాడు. ఇంట్లో నా భార్య బాలమణి ఇద్దరి వాటా తనే మాట్లాడుతుంది. యూసుఫ్‌గూడలో మాది ఒకే గది. ఆమె మాటలకే ఆ గది చాలదు.

ఆ ఎండాకాలం గేటు లోపల, నా కుర్చీ పక్కన, ఒక బర్రెను తెచ్చి నిలబెట్టారు. నిజం బర్రె కాదు, ఫైబర్‌తో చేసింది. ఆరు కొమ్ములు. సినిమా చివర్లో హీరో దాని మీద ఎక్కి ఆకాశంలో పోతాడట. ఆ సంగతి బయట చెబితే కొలువు పోతుందని కాగితం మీద రాసి, కింద నాతో సంతకం పెట్టించుకున్నాడు మేనేజరు రాఘవేంద్ర.

ఒక మధ్యాహ్నం బర్రె ఎండలో ఉందని నీడకు జరిపాను. జరుపుతూ ఒక మాట అన్నాను. అది ఏమీ అనలేదు. ఇంకో మాట అన్నాను. అట్లా మొదలైంది. నెల తిరిగేసరికి రోజూ గంటసేపు మాట్లాడుతున్నాను.

నేను స్టిక్కర్లు సరిగ్గా అంటిస్తున్నానో లేదో చూడటానికి రాఘవేంద్ర గేటు మీద కొత్త కెమెరా పెట్టించాడు. దానికి చెవులు కూడా ఉంటాయని నాకు తెలియదు.

ఆఫీసులో వర్ణిక అనే అమ్మాయి ఉంది. ఇంటర్నెట్‌లో సినిమా గురించి మంచీ చెడూ చూసుకోవడం ఆమె పని. ఒకరోజు వచ్చి నా ముందు చేతులు కట్టుకుని నిలబడింది.

"తాతయ్యగారూ, మీరు నన్ను తిట్టకూడదు."

నేను ఎవరినీ తిట్టను. తిట్టాలంటే మాట్లాడాలి.

"గేటు కెమెరాలో పడ్డ మీ వీడియో మా ఫ్రెండ్స్ గ్రూపులో పెట్టానండీ. ముద్దుగా ఉన్నారని. నలుగురికే పెట్టాను."

"అయితే?"

"ఇప్పటికి పదకొండు లక్షల మంది చూశారు."

చూపించింది. తెర మీద నేనే ఉన్నాను. బర్రె మెడ మీద చెయ్యేసి చెబుతున్నాను: "ఏం నిగనిగలాడుతున్నవే నల్లపిల్లా. ఎండ తగుల్తున్నదా? జర నీడకు జరుపుత. నువ్వొక్కదానివే నా మాట ఇంటవ్. ఇంటికాడ బాలమణి సందియ్యది. ముప్పై తొమ్మిదేండ్లాయె, సందే దొరకలే."

జనం నవ్వితే నవ్వారు. నేనూ హీరోలను చూసి లోపల నవ్వుకుంటాను. ఒక్క బాలమణి మాత్రం చూడకూడదు. చూస్తే కోపం రాదు. చిన్నబోతుంది. ఇంట్లో రోజుకు పది మాటలు పలకనివాడు ఫైబర్ బర్రెతో గంటసేపు మాట్లాడాడంటే ఎవరైనా చిన్నబోతారు.

"తీసెయ్యి బిడ్డా," అన్నాను.

అంతలో రాఘవేంద్ర పరుగెత్తుకొచ్చాడు. "గేదె బయటికెళ్లిపోయిందండీ! క్లైమాక్స్ గేదె!"

బర్రె ఆకారం మీద హక్కులన్నీ సినిమా కంపెనీవేనని ఒక కాగితం ఉందట. దాన్ని ఎక్కడికో పంపారు. అర గంటలో వీడియో మాయమైంది. నాకు ప్రాణం లేచొచ్చింది.

లేచొచ్చిన ప్రాణం సాయంత్రం దాకా నిలవలేదు. తాత ఏడీ, తాత ఏడీ అని జనం అడుగుతున్నారట. ఊరికే వచ్చే పేరును వదులుకోవడం ఎందుకని రాఘవేంద్ర బర్రెను మాత్రం మసక చేయించి, అదే వీడియో మళ్లీ పెట్టించాడు. నన్ను అట్లాగే ఉంచాడు.

"తాతయ్యగారు వద్దంటున్నారు సార్," అంది వర్ణిక.

"జనం నవ్వుకుంటున్నారమ్మా. వాళ్ల నోరు మనం మూయిస్తామా? భావప్రకటనా స్వేచ్ఛ అనేది ఒకటుంది."

"ప్రైవసీ అనేది కూడా ఉంది సార్."

"గేటు దగ్గర ప్రైవసీ ఏంటమ్మా? అందరూ వచ్చిపోయే చోటు."

"గేదె కూడా గేటు దగ్గరే ఉంది కదా సార్."

"దానికి కాగితం ఉంది," అని రాఘవేంద్ర వెళ్లిపోయాడు.

వర్ణికకు కన్నీళ్లొక్కటే తక్కువ. ఆ వీడియోలు నడిపే కంపెనీకే నేరుగా ఫిర్యాదు పెడదాం అంది. అందులో ఉన్నది నేనేనని రుజువు కావాలట. నా ఆధార్ కార్డు పెట్టి, నా మొహం ఫోటో తీసింది. ఫోటో మొత్తం ఎర్రగా వచ్చింది. పొద్దున ఆమె ఫోనుకు స్టిక్కరు అంటించింది నేనే. పీకేసి మళ్లీ తీసింది.

మరునాడు జవాబొచ్చింది. ఆమె చదివి కుర్చీలో కూలబడింది.

"జనం మీకు పెట్టిన బర్రె తాత పేరుతో అసలైన ఖాతా ఒకటి ముందే ఉందటండీ. దానికి నీలం గుర్తు కూడా ఇచ్చారు. మీరు ఆయనలా నటిస్తున్నారని అనుమానంగా ఉందట."

"ఆ అసలు తాత ఎవరు?"

"ఎవరో పాతికేళ్లవాడండీ. తెల్ల మీసం అంటించుకున్నాడు."

ఆ సాయంత్రం ఇంటికి పోతే గదిలో చప్పుడు లేదు. బాలమణి కంచం పెట్టింది, నీళ్లు పెట్టింది, గోడ వైపు తిరిగి కూర్చుంది. పక్కింటి కౌసల్య ఫోను పట్టుకుని గడపలో నిలబడి ఉంది. పోయే ఉద్దేశం ఉన్నట్టు లేదు.

"ఎవరయ్యా అది?" అంది బాలమణి చివరికి.

"ఎవరు?"

"నల్లపిల్ల."

కౌసల్య ఫోను నా మొహం ముందు పెట్టింది. నా చెయ్యి ఒక మసక ముద్ద మీద ఉంది. నల్లటి ముద్ద.

"జర లావుగనే ఉన్నది వదినె," అంది కౌసల్య. "మొఖం దాచిండ్రంటే పెద్దింటి మనిషే అయ్యుంటది."

"మనిషి గాదు," అన్నాను.

"మరేంది?"

చెబితే కొలువు పోతుంది. "చెప్పరాదు," అన్నాను.

"ఇన్నవా కౌసల్యా? చెప్పరాదంట!"

"ఎండ తగుల్తున్నదా అని గూడ అడిగిండు వదినె. మా ఆయన నన్నెన్నడన్న అడిగిండా?"

కౌసల్యను పంపేశాక బాలమణి మెల్లగా అంది. "నేను సందియ్యనని పరాయిదానికి చెప్పినవ్. నాకు చెప్పొద్దా? చెప్తే ఊకుందును గద."

ఆమె అంత చిన్న గొంతుతో మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. కొలువు ఉంటే ఉంటుంది, పోతే పోతుంది అనుకున్నాను.

"రేపు నాతోని రా," అన్నాను.

పట్టుచీర కట్టుకుని వచ్చింది. ఆ నల్లపిల్ల ముందు తక్కువ కాకూడదని. గేటు దగ్గర ఆమె బటన్ల ఫోనుకు కూడా రెండు స్టిక్కర్లు అంటించాను. దానికి కెమెరా లేదు. అలవాటు.

రాఘవేంద్ర అడ్డం వచ్చాడు. "ఎవరీవిడ? బయటివాళ్లు లోపలికి రాకూడదండీ."

నాకు ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు, నోరొచ్చింది.

"సారూ, బర్రెకు కాగితం ఉన్నదన్నరు."

"ఉంది."

"హీరోకు?"

"ఉంటుంది కదండీ."

"ఎనుక నిలబడి చప్పట్లు కొట్టెటోళ్లకు?"

"వాళ్లతోనూ పెట్టించుకుంటాం. లేకపోతే రేపు కోర్టుకెళతారు."

"నా మొఖానికేది?"

రాఘవేంద్ర వర్ణిక వైపు చూశాడు. వర్ణిక అప్పటికే ఫైలు పట్టుకుని నిలబడి ఉంది. బర్రెకు ఏడు కాగితాలున్నాయి, కొమ్ముకొకటి, ఒంటికొకటి. నాది ఒక్కటే. బర్రె సంగతి చెప్పనని నేను పెట్టిన సంతకం.

"మర్చిపోయామండీ," అన్నాడు రాఘవేంద్ర. "ఇప్పుడే రాయిస్తాను. నెల కిందటి తేదీ వేసి సంతకం పెట్టేయండి."

"పెట్ట."

"అదేంటండీ!"

"పెట్ట సారూ. ఆ వీడియోల మా ఇంటిదాని పేరు గూడ ఉన్నది. ఆమెను గూడ అడుగుండ్రి."

ఆయన పొరపాటున అడిగాడు.

బాలమణి మొదలుపెట్టింది. తన పేరు పదకొండు లక్షల మంది నోళ్లలో ఎందుకు నానాలో చెప్పమంది. వాళ్లలో తన ఆడబిడ్డ కూడా ఉందంది. ఆ ఆడబిడ్డ ఎట్లాంటిదో చెప్పింది. ఇరవై నిమిషాలు చెప్పింది. రాఘవేంద్ర మూడుసార్లు నోరు తెరిచి మూసుకున్నాడు. ఆయన్ని చూస్తే జాలేసింది. సందు దొరకదని నాకు తెలుసు.

"తీసెయ్యమ్మా," అన్నాడు వర్ణికతో. "ముందు తీసెయ్."

"నల్లపిల్లను చూడకుంట నేను కదల," అంది బాలమణి.

ఆమెతో కూడా ఒక కాగితం మీద సంతకం పెట్టించుకుని, వీడియో గొడవయ్యాక బర్రె మీద కప్పించిన గుడ్డ లాగించాడు.

బాలమణి కొమ్ములు లెక్కపెట్టింది. చుట్టూ ఒకసారి తిరిగింది. వీపు మీద వేలితో కొట్టి చూసింది. డొల్లగా మోగింది.

"దీనితోనా?"

"అవ్."

"ఇది జవాబు చెప్తదా?"

"చెప్పది."

చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. కొంచెం సేపటికి నవ్వు ఆగిపోయింది.

"మనిషైతే నయముండె. కొట్లాడుతుంటి," అంది.

సినిమా కంపెనీ పెట్టిన వీడియో ఆ రోజే పోయింది. జనం దాచుకున్నవి ఎనిమిది వందల చోట్ల ఉన్నాయట, వాటిని ఏరడం తన వల్ల కాదంది వర్ణిక. తెల్ల మీసంవాడే ఇప్పటికీ అసలు బర్రె తాత. ఉండనీ.

మరునాడు పొద్దున బాలమణి చాయ్ ఇచ్చి నా ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది. పెదవులు బిగబట్టింది. ఒక్క మాట మాట్లాడలేదు. అది ఆమెకు ఎంత కష్టమో మొహంలోనే తెలుస్తోంది. బయట కూరగాయల బండివాడు అరిచినా ఉలకలేదు. చాయ్ చల్లారింది. నేను లేచి కౌసల్య ఇంటి వైపు ఉన్న కిటికీ మూశాను. వచ్చి కూర్చుని చెప్పడం మొదలుపెట్టాను.