రామన్న మామ బీపీ మాత్రలు

సంజీవమ్మ మైలవరం దగ్గర ఒక పల్లెలో ఆశా కార్యకర్త. ఊరు రెండు పార్టీలుగా చీలినప్పటి నుంచి ఆమె పుట్టిల్లున్న పైవీధికీ, మెట్టినిల్లున్న కిందివీధికీ మాటల్లేవు. ఎన్నికలప్పటి రాళ్ల గొడవలో ఆమె మొగుడు గోవిందు ఒకవైపు, చిన్నప్పుడు ఆమెను భుజాన మోసి తిప్పిన మేనమామ రామన్న ఇంకోవైపు నిలబడ్డారు. ఆ తర్వాత ఒకరి గడప ఒకరు తొక్కలేదు.

ఆసుపత్రి వాళ్లు బీపీ మిషన్ చేతికిచ్చి ఇంటింటికీ తిరగమన్నాక ఆమె మొదట పోయింది మేనమామ ఇంటికే. గొర్రెల దొడ్డి దగ్గర ఆయన తల పట్టుకుని కూర్చుని ఉన్నాడు.

"ఏంది, ఇట్లొచ్చినావు? మీ పార్టీ మిషన్ నాకొద్దు."

"పార్టీ పనికి రాలేదు మామా. తలనొప్పి ఎప్పటి నుంచి ఉండాది?"

"నీకెవరు చెప్పినారు?"

"అత్త."

వాకిట్లో ఉన్న ఆయన భార్య యల్లమ్మ తనకేమీ తెలియనట్టు ముఖం తిప్పుకుంది. ఆయన గొణుక్కుంటూనే చెయ్యి చాపాడు. అంకెలు ఉండాల్సినదానికన్నా చాలా ఎక్కువ ఉన్నాయి. మరునాడే ఆటోలో జమ్మలమడుగు ఆసుపత్రికి తీసుకుపోయి మాత్రలు ఇప్పించింది. కొన్నాళ్లు మింగాడు. తలనొప్పి పోయింది. "శానా బాగుండాను, ఇంగెందుకు?" అని మానేశాడు. ఆమె ఎంత పోరినా వినలేదు.

ఎండాకాలంలో ఒక పొద్దున మంద మేపుతూ ఆయన చేలో తూలి పడిపోయాడు. ఆ దారిన బండి మీద వస్తున్నది గోవిందే. పక్క చేనివాణ్ణి కేకేసి, మామను మధ్యలో కూర్చోబెట్టుకుని ఇద్దరూ జమ్మలమడుగుకు తీసుకుపోయారు.

సంజీవమ్మ చేరేసరికి రామన్న కళ్లు తెరిచాడు. మాట కొంచెం తడబడుతోంది. మాత్రలు ఆపబట్టే ఇట్లయిందనీ, రోజూ మింగాల్సిందేననీ డాక్టరు చెప్పి పోయాడు.

రామన్న గోవిందు వైపు తిరిగాడు. "నన్నెందుకు మోసుకొచ్చినావురా?"

"నీకేమన్నా అయితే ఈమె నన్ను ఇంట్లోకి రానిస్తాదా మామా?"

రామన్న నవ్వబోయి కళ్లు తుడుచుకున్నాడు.

ఆ తర్వాత ఆయన మాత్ర మానలేదు. ఒకరోజు సంజీవమ్మ తన బీపీ చూశాక "అల్లుడికీ చూడు పాపా" అని పట్టుబట్టి గోవిందును పిలిపించాడు. గోవిందుకూ బీపీ ఉందని తేలింది. ఇప్పుడు మామా అల్లుళ్లు ఒకే అరుగు మీద కూర్చుని వంతులవారీగా చెయ్యి చాపుతారు. పార్టీలు మాత్రం మారలేదు.

"ఈసారి గెలిచేది మేమే మామా," అంటాడు గోవిందు, చేతికి పట్టీ బిగించి ఉండగానే.

"నోర్ముయ్ రా. మాట్లాడితే బీపీ ఎక్కువ చూపిస్తాది," అని కసురుతాడు రామన్న.