తెర వెనక అస్తరు

ఆ ఇంటి చిన్నకోడలికి తొందర అన్నది గుణం మాత్రమే కాదు, పేరు కూడా. కాపురానికొచ్చిన వారానికే మామగారు పెట్టిన ఆ పేరు వీధంతా పాకి, చివరికి కొట్టుకొచ్చే బేరగాళ్ళు కూడా ‘తొందరమ్మగారు ఉన్నారా’ అని అడిగేదాకా వచ్చింది. పెద్దకోడలు ఆమెకి పూర్తిగా విరుద్ధం. చేతిలో సూది లేకుండా ఆవిడని ఎవరూ చూసి ఎరగరు కనక ఆవిడ సూదక్క. తోటికోడళ్ళంటే ఉప్పూ నిప్పూ అనుకునే లోకంలో, వీళ్ళిద్దరూ కలిసి పదకొండేళ్ళుగా ఒక పాతగుడ్డల కొట్టు నడుపుతున్నారు. పాతగుడ్డలంటే చిరుగుచొక్కాలు కావు. ఎప్పుడో నేసిన దుప్పట్లు, చేత్తో కుట్టిన బొంతలు, తివాచీలు, బల్లగుడ్డలు, పరదాలు, వాటితోపాటు వంపు తిరిగిన కాళ్ళ కుర్చీలు, గుడ్డ గొడుగుల దీపాలు. వెతికి తెచ్చే పని తొందరది. ఉతికి ఆరేసి, చిల్లు ఎక్కడుందో కనపడకుండా పోగులో పోగు కలిపి కుట్టే పని సూదక్కది. నువ్వు తెచ్చినదాంట్లో సగం చెత్త అని ఆవిడ, మిగతా సగం బంగారం కదా అని ఈవిడ, రోజూ ఒక పూటైనా వాదించుకోందే వాళ్ళకి అన్నం అరిగేది కాదు.

ఆ పొద్దున సూదక్క పెరట్లో తివాచీ పరిచి కుంకుడు నురగతో రుద్దుతోంది. తొందర ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, ఒక చెప్పు కాలికి వేసుకుని, రెండోది చేత్తో పట్టుకుని వచ్చి నిలబడింది.

"అక్కా, లే. పాత నాటకాల హాలు కూల్చేస్తున్నారట."

"కూల్చనీ. మనం అడ్డుపడితే ఆగుతారా?"

"తెర ఉందట అక్కా, ఎర్ర వెల్వెట్టు తెర. ఇరవై అడుగుల ఎత్తు, ముప్పై అడుగుల వెడల్పు. పన్నెండింటికి కప్పు పడగొట్టే మిషను వస్తుందట. ఆలోగా దింపుకోగలిగితే ఏదో ఇచ్చి పట్టుకుపొమ్మంటున్నాడు కాంట్రాక్టరు."

"తివాచీ తడిగా ఉంది."

"తడి తివాచీ ఎక్కడికీ పోదు. తెర పోతుంది."

సూదక్క చేతులు కడుక్కుని, కత్తెరా బ్లేళ్ళూ సూదులూ ఉండే రేకుడబ్బా చంకన పెట్టుకుని వ్యానెక్కింది. సణుగుతూనే ఎక్కింది. దారిలో తొందర ఊరుకుందా అంటే, లేదు. వ్యాను మొదటి మలుపు తిరగకముందే ఫోను తీసి, కొత్తగా హోటలు పెడుతున్న ఆవిడతో మాట్లాడేసింది. ఆవిడ భోజనాల హాలు కిటికీలకి రెండు నెలలుగా పాతకాలపు వెల్వెట్టు కోసం వెతుకుతోంది.

"దొరికిందండీ. అచ్చం మీరు అడిగిన రంగే. రేపు రండి చూద్దురుగాని."

ఫోను పెట్టేశాక సూదక్క కిటికీలోంచి బయటికి చూస్తూ, "ఆలూ లేదు చూలూ లేదు," అని ఊరుకుంది. మిగతా సగం చెప్పక్కర్లేదని ఆవిడకీ తెలుసు, ఈవిడకీ తెలుసు.

హాలు లోపల కుర్చీలు అప్పటికే పీకేశారు. వాటి బోల్టుల చిల్లులు నేలంతా వరసలు వరసలుగా మిగిలాయి. కప్పులో రెండు రేకులు లేచిపోయిన చోట నుంచి పలకల్లాంటి ఎండ దిగుతోంది. ఆ ఎండలో దుమ్ము తేలుతోంది. ఎదురుగా, స్టేజీ మొత్తాన్ని మూసేస్తూ, ఎర్రగా, మడతమడతల నీడలతో తెర నిలబడి ఉంది. తొందర ఎన్ని ఇళ్ళు తిరిగింది, ఎన్ని అటకలెక్కింది, ఇంత పెద్ద గుడ్డ ఒక్క తునకగా చూడటం ఇదే మొదటిసారి. కాళ్ళు నేల మీద ఆనలేదు ఆమెకి. స్టేజీ మెట్లు రెండేసి ఒకసారి ఎక్కింది.

పైన ఇద్దరు కూలీలు తాడు కోయడానికి కొడవలి పట్టుకుని నిచ్చెన వేస్తున్నారు. వాళ్ళకి అడ్డంగా, చేతులు చాచి, బక్కపలచటి ముసలాయన ఒకడు నిలబడి ఉన్నాడు.

"కోస్తే మొత్తం దూలంతో సహా మీ నెత్తిన పడుతుంది. దింపే పద్ధతుంది దీనికి. ముప్పై నాలుగేళ్ళు లేపి దించినవాణ్ణి, నా మాట వినండయ్యా."

అతనే ఆ హాల్లో తెర లాగినవాడు. అప్పట్లో నటులందరూ తెరబాబాయి అనేవారట. హాలు మూతపడ్డాక అటు రావడం మానేశాడు. కూల్చేస్తున్నారని విని ఆఖరిసారి చూద్దామని వచ్చాడు.

"బాబాయ్, మెల్లగా దింపగలరా?" అంది తొందర.

"తెర దించే చక్రం పట్టేసింది తల్లీ. నూనె కావాలి."

నూనె కోసం తొందరే పరుగెత్తింది. వీధి చివర సైకిళ్ళ కొట్టువాణ్ణి బతిమాలి డబ్బా తెచ్చింది. తెరబాబాయి చక్రం ఇరుసులో నూనె పోసి, పైకి పాకి కప్పీలకీ పోసి, దిగివచ్చి, అరచేతులు రుద్దుకుని, పిడి పట్టుకున్నాడు. చక్రం కదల్లేదు. తొందర ఒక పక్క పట్టుకుంది. కూలీలిద్దరూ కొడవలి పక్కన పెట్టి రెండో పక్క పట్టుకున్నారు. కాంట్రాక్టరు గడియారం చూసుకుంటూ కింద నుంచి, "తొమ్మిదీ నలభై," అన్నాడు. నలుగురూ ఊపిరి బిగబట్టి తోశారు. ఎక్కడో పైన కిర్రుమంది. చక్రం ఒక పన్ను తిరిగింది.

"ఇక వదలొద్దు. నేను చెప్పినప్పుడే," అన్నాడు తెరబాబాయి. ఆయన గొంతు మారిపోయింది. బక్క ఒంట్లోంచి అంత గొంతు వస్తుందని ఎవరూ అనుకోలేదు. "ఒకటి. ఆపు. ఒకటి. ఆపు."

అడుగు తర్వాత అడుగు దూలం దిగింది. వెల్వెట్టు స్టేజీ మీద కుప్పగా కూర్చోవడం మొదలెట్టింది. దూలం నడుమెత్తుకి వచ్చేసరికి పదకొండు దాటింది. తొందర చక్రం వదిలి ముందుకి దూకి, రెండు చేతుల్తో గుడ్డని ఎత్తి పట్టుకుంది.

అది ఆమె చేతుల్లోనే రెండయింది.

లాగలేదు, చింపలేదు. పట్టుకుందంతే. ఎండుటాకులా విరిగి, ఎర్రటి పొడి ఆమె మోచేతుల దాకా రాలింది. ఇంకో చోట పట్టుకుంది. అక్కడా అంతే. ఏళ్ళ తరబడి దీపాల వేడి తిని వెల్వెట్టు మాడిపోయింది. కింద నుంచి చూస్తే రాజసం, చేత్తో తాకితే బూడిద.

"పైన పటారం, లోన లొటారం," అన్నాడు కాంట్రాక్టరు, నొచ్చుకున్నట్టుగానే. "నాకేం తెలుసమ్మా, నేను దూరం నుంచి చూశాను."

తొందర స్టేజీ అంచున చతికిలబడింది. హోటలావిడకి ఏం చెప్పాలి? అంతకన్నా ముందు అక్కకి ఏం చెప్పాలి? దారిలో అన్న ఆ సగం సామెత ఇప్పుడు చెవిలో జోరీగలా తిరుగుతోంది. వెనక్కి తిరిగి చూడటానికి ధైర్యం చాలలేదు.

వెనక సూదక్క కుప్ప పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, వెల్వెట్టు కాదు, దాని వెనక కుట్టిన అస్తరుని చూస్తోంది. పైన అంగుళం మందాన దుమ్ము. ఆవిడ కొంగుతో ఒక జానెడు మేర తుడిచింది. తర్వాత ఇంకో జానెడు. తర్వాత మూరెడు.

"తొందరా," అంది. "ఇలా రా."

ఆ పిలుపులో ఏదో తేడా ఉంది. తొందర లేచి వెళ్ళింది.

మీగడరంగు నూలుగుడ్డ. దాని మీద మంజిష్ఠ ఎరుపు తీగలు, తీగల మధ్య నీలం పిట్టలు. ప్రతి పిట్టా తల వెనక్కి తిప్పి తన తోకని చూసుకుంటోంది. రంగులు నిన్న అద్దినట్టున్నాయి. సూదక్క గుడ్డ మడత తిప్పి వెనక వైపు చూపించింది. అక్కడా అంతే ఎరుపు, అంతే నీలం.

"ఇక్కడ చూడు. తీగ అతికిన చోట వెంట్రుకవాసి పక్కకి జరిగింది. ఇంకో మూరెడు పోతే మళ్ళీ జరిగింది. చెక్క అచ్చుతో, చేత్తో, ఒక్కొక్కటీ దించి అద్దినదే. ముందున్న వెల్వెట్టు వేడంతా తినేసింది. ఇది వెనక చీకట్లో ఉండిపోయింది. అద్దాక దీని మీద ఎండ పొడ పడ్డ ఆనవాలే లేదు." సూదక్క ఇంకో మడత తిప్పింది. "ఇంకోటి. పది అడుగుల ఎత్తున అడ్డంగా కుట్టు ఉంది. కుట్టు దగ్గర తుప్పు చుక్కలు, వరసగా. ఉంగరాలు తగిలించిన గుర్తులవి. స్టేజీ తెర మధ్యలో ఉంగరాలెందుకుంటాయి? ఇవి ఇంటి కిటికీల పరదాలే."

తెరబాబాయి పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"నిజమే తల్లీ. తెర కొత్తగా కట్టినప్పుడు వెనక దీపం వేస్తే లోపలి మనుషులు బయటికి కనపడేవారు. రాజుగారు బీడీ కాల్చుకోవడం, రాణిగారు మీసాలు పీకేసుకోవడం, అన్నీ. జనం ఒకటే నవ్వు. హాలు ఓనరుకి రోషం వచ్చి, ఆ రాత్రికి రాత్రే తన ఇంటి కిటికీలవన్నీ ఊడబీకి తెచ్చి కుట్టించాడు. వాళ్ళావిడ ఎంతో ముచ్చటపడి అద్దించుకున్నవి. ఇంకా బిగించి నెల కాలేదు. ఆ తర్వాత మూడేళ్ళు ఆవిడ నాటకం మొహం చూళ్ళేదు. ఆయనకి మాత్రం రోజూ ఇంట్లో నాటకమే."

సూదక్క నవ్వింది. నవ్వుతూనే రేకుడబ్బా బోర్లించింది. "ఎన్నున్నాయి? రెండు వరసలు, వరసకి ఎనిమిది. పదహారు. తొందరా, బ్లేడందుకో. ఊరికే లాగేద్దాం, దారపు టాకాలు పుచ్చిపోయే ఉంటాయి, రా, పట్టుకో."

"ఆగక్కా," అంది తొందర. తన నోట ఆ మాట వినపడేసరికి తనకే వింతగా తోచింది. "లాగితే అంచులు పోతాయి. ఒక్కో టాకా తెంపాల్సిందే. మొత్తం ఎత్తుకుపోదామంటే వ్యాను మోయలేదు."

"టైము?"

కాంట్రాక్టరు స్టేజీ మీదకి వచ్చి చాలాసేపయింది. ఆడవాళ్ళిద్దరి మొహాలూ చూసి ఆయనకి సంగతి అర్థమైపోయింది. గొంతు సవరించుకుని, "వెల్వెట్టుకని ఒప్పుకున్నాను కానీ," అని మొదలెట్టాడు.

"దానికి రెట్టింపిస్తాం," అంది సూదక్క, తలెత్తకుండానే. "మిషను ఒంటిగంట దాకా ఆపండి."

ఆయన అటూ ఇటూ చూసి, కూలీలని భోజనానికి పంపేసి, తనూ చొక్కా చేతులు మడిచి ఒక బ్లేడు తీసుకున్నాడు. "మా అమ్మ బొంతలు కుట్టేది," అన్నాడు ఎవరూ అడక్కుండానే.

నలుగురూ నాలుగు మూలల నుంచి మొదలెట్టారు. పొడుగు టాకాలు, బిగువైన దారం. ఒక్కోటీ తెంపితే ‘టప్’మనేది. ఎర్రపొడి కళ్ళల్లో పడింది, ముక్కుల్లో దూరింది. కాంట్రాక్టరు తుమ్మితే తెరబాబాయి తుమ్మాడు. మొదటి పరదా విడివడి వచ్చినప్పుడు సూదక్క దాన్ని పసిపిల్లని ఎత్తుకున్నట్టు రెండు చేతుల మీదా ఎత్తి, ఎండ పడని మూలలో పరిచింది. తొందర లెక్కపెట్టసాగింది. మూడు. ఐదు. ఎనిమిది. పై వరస అయిపోయింది. వీధిలో లారీ ఆగిన చప్పుడు. మిషను దింపుతున్నారు. పదకొండు. కాంట్రాక్టరు బయటికి పరుగెత్తి డ్రైవరుకి టీ డబ్బులిచ్చి మళ్ళీ లోపలికి పరుగెత్తుకొచ్చాడు. పద్నాలుగు. సూదక్క వేలు తెగింది. రక్తం గుడ్డకి తగలకుండా వేలు నోట్లో పెట్టుకుని ఎడం చేత్తో కోసింది.

పదహారోది వ్యానులోకి చేరేసరికి ఒంటిగంటా పది. నలుగురూ తల నుంచి పాదం దాకా ఎర్రగా, రంగు పీపాలో మునిగి లేచినట్టున్నారు. వాళ్ళు వీధి దాటకముందే వెనక కప్పు కూలిన చప్పుడైంది. తెరబాబాయి వ్యాను వెనక పరదాల మీద కాకుండా పక్కన ఒదిగి కూర్చున్నాడు. ఆయన తిరిగి చూడలేదు.

"ఇంటి దగ్గర దింపమంటారా బాబాయ్?" అంది తొందర.

"ఎవరున్నారమ్మా ఎదురుచూసేందుకు? తాడూ బొంగరం లేనివాణ్ణి. ఉన్న తాడు కూడా ఇందాకే పోయింది." అని ఆయనే నవ్వాడు. "వీటిని ఎక్కడ కట్టినా నన్ను పిలవండి. కట్టడం నాకొచ్చు."

మర్నాడు హోటలావిడ చెప్పిన వేళకే వచ్చింది. తొందర రాత్రంతా మాటలు కూర్చుకుంది కానీ, ఆవిడని చూడగానే ఒకటే అనగలిగింది. "వెల్వెట్టు చేతికి రాలేదండీ. నేను చూడకుండా మాటిచ్చాను."

హోటలావిడ మొహం ముడుచుకుంది. వెనక గదిలోంచి సూదక్క వచ్చింది. బేరగాళ్ళ ఎదట పడటం ఇష్టంలేక ఎప్పుడూ కుట్టుమిషను చాటున ఉండే మనిషి, చన్నీళ్ళలో మూడుసార్లు ముంచి నీడలో ఆరేసిన పరదా ఒకటి బల్ల మీద పరిచి, చెప్పడం మొదలెట్టింది. అచ్చు గురించి చెప్పింది, మంజిష్ఠ గురించి చెప్పింది, మీసాలు పీకేసుకున్న రాణి గురించి చెప్పింది, మూడేళ్ళు అలిగిన ఆవిడ గురించి చెప్పింది. తొందర నోరు తెరుచుకుని విన్నది. పావుగంట పోయాక హోటలావిడ అరచేయి గుడ్డ మీద ఆనించి, అలాగే ఉంచి, "నేను ఎర్రవి కదా అడిగాను," అంది. తర్వాత, "ఇలాంటివి మీ దగ్గర ఎన్నున్నాయి?" అంది.

హోటలు భోజనాల హాలుకి ఏడు కిటికీలు. కిటికీకి రెండు చొప్పున పద్నాలుగు పరదాలు వెళ్ళాయి. మిగిలిన రెండిటికీ అడుగున నీళ్ళ మరకలున్నాయి. వాటిని అమ్మేది లేదని సూదక్క తేల్చేసింది, తొందర వాదించలేదు.

కట్టడానికి తెరబాబాయి వచ్చాడు. ఉన్న కమ్మీలు పనికిరావన్నాడు. హోటలు వడ్రంగితో పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా పోట్లాడి, కొత్త కప్పీలు బిగించి, ఏడు కిటికీల తాళ్ళూ ఒకచోటికి తెచ్చి, ఒక్క లాగుకి అన్నీ కదిలేలా కట్టాడు. కట్టాక అందరినీ హాలు మధ్యలో నిలబెట్టి, తాడు పట్టుకుని, "ఒకటి," అన్నాడు.

పద్నాలుగు పరదాలూ ఒక్కసారి జారి కిటికీలని మూశాయి. బయట పడమటెండ. ఇన్నేళ్ళూ దుమ్ములో, చీకట్లో, వెల్వెట్టు వీపుకి అంటుకుని ఉండిపోయిన ఆ గుడ్డలోంచి వెలుతురు దూసుకొచ్చింది. ఎర్రతీగలు నేల మీద పాకాయి. నీలం పిట్టలు బల్లల మీదా, గోడల మీదా, మనుషుల మొహాల మీదా వాలాయి. హోటలావిడ తాడు తన చేతిలోకి తీసుకుని పరదాలు తెరిచింది. మూసింది. మళ్ళీ తెరిచి, మళ్ళీ మూసింది.

సూదక్క ఒక కుర్చీ లాక్కుని కిటికీకి ఎదురుగా కూర్చుంది. పక్కన ఇంకో కుర్చీ జరిపి, చేత్తో తట్టింది.

"కూర్చో. ఎండ పోయేదాకా చూద్దాం."

తొందర కూర్చుంది.