ఒక్క కణం, రెండు జాడలు

"పన్నెండింటికి నివేదిక వెళ్ళిపోతుంది. తప్పుకి కారకుడెవరన్న గడిలో మీ బావగారి పేరు రాసేశాం," తలుపు దగ్గర నుంచే చెప్పేసి వెళ్ళిపోయారు బృందం పెద్ద.

అప్పటికే పది దాటింది. తెర మీద గ్రాఫులో ఆ పాడు శిఖరం సూదిలా నిలబడి ఉంది. సీసం కేంద్రకాలు ఢీకొన్నప్పుడు ఎగజిమ్మే వేల కణాల్లో ఏవేవి జంటగా వెళుతున్నాయో లెక్కగట్టడం ఆమె పని. పక్కపక్కనే వెళ్ళే జంటలు ఉండాల్సినదానికి మూడింతలు కనిపించాయి. కొత్త విషయం దొరికిందని వారం పాటు అందరూ ఎగిరారు. తీరా అది దొంగ శిఖరమని తేలాక, కణాల జాడలు పట్టే డిటెక్టర్‌కి తీగలు బిగించిన టెక్నీషియన్ మీద పడ్డారు. ఆయన ఆమె అక్క మొగుడు.

"ఏం మరదలా, నా ఉద్యోగం ఊడితే మీ అక్క నన్ను ఇంట్లో ఉంచుతుందంటావా?" పక్క కుర్చీలోంచి అడిగాడు బావ.

"ఉంచదు. అందుకే కాసేపు నోరు మూసుకుని కూర్చో బావా."

తీగ తప్పయితే దొంగ జంటలన్నీ ఆ తీగ ఉన్న వైపే పోగుపడాలి. ఆమె డిటెక్టర్‌ని పద్దెనిమిది భాగాలు చేసి దేనికి దానికి గ్రాఫ్ గీయించింది. అన్నిట్లోనూ అదే సూది, అదే ఎత్తు.

"పద్దెనిమిది చోట్లా ఒకేలా తప్పు చేయగలవా నువ్వు?"

"అంత పనితనం ఉంటే నన్నెవరు తిడతారే?"

ఆమె తెర వైపు తిరిగింది. జంటల్ని ఒక్కొక్కటిగా తెరిచింది. మొదటి కణం జాడ లోపలి అంచున మొదలై నడుమ ఆగింది. రెండోది సరిగ్గా అక్కడే మొదలై బయటి అంచుకు చేరింది. తరవాతి జంటా అంతే. ఆ తరవాతదీ అంతే. అవి జంటలు కావు. ఒకే కణం జాడ నడుమ తెగి రెండుగా లెక్కకొచ్చింది.

మరి ఇలాంటి చెడ్డ జాడల్ని ఏరేసే వడపోత ఏం చేస్తున్నట్టు? కణం దారి పొడవునా వదలాల్సిన చుక్కల్లో సగానికి మించి ఉన్న జాడనే తీసుకోవాలని నియమం. తెగిన ముక్కలు రెండూ ఆ హద్దు దాటలేవు. ఫైలు తెరిచి చూసింది. సగం ఉండాల్సిన చోట పావు ఉంది.

మార్పుల చిట్టాలో మూడు వారాల కిందటి సోమవారం, పక్కన ఒక వాక్యం: "మీటింగులో చెప్పినట్టు సగం చేశాను."

అది రాసింది తనే. ఆ రోజు పెద్దాయన "సగం చేస్తే చాలు" అన్నారు. ఆయన అన్నది సగం డేటా మీద లెక్క నడిపితే చాలని. హద్దుని సగం చేయమని కాదు.

పాత హద్దు పెట్టి మళ్ళీ నడిపింది. సూది మాయమైంది. పన్నెండుకి ఆరు నిమిషాలు. చెప్పింది మీరే కదా అని ఆయన మీదకి తోసేయొచ్చు. ఆమె కాగితాలు తీసుకుని ఆయన గదికి విసవిసా నడిచింది. బావ వెనకాలే పరిగెత్తాడు.

"ఆ పేరు కొట్టేయండి సార్. తీగల్లో ఏ లోపమూ లేదు. వడపోత హద్దు తగ్గించడంతో ఒక్క కణం రెండుగా లెక్కకొచ్చింది."

ఆయన కీబోర్డు మీద చేతులు ఆపారు. "ఎవరు తగ్గించారు? ఆ గడి ఖాళీగా పంపలేను."

"నా పేరు రాయండి. మీ మాట సరిగ్గా వినకుండా తగ్గించింది నేనే."